రోజీన వదిన గీకేసిన పేరు

మొన్న నా మనవరాలు డోరిస్ బజారు నుంచి ఒక అట్టపెట్టె పట్టుకొచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో ‘ష్పెట్స్‌లె’ అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. పక్కన ఎర్ర లంగా కట్టుకుని పళ్ళికిలిస్తున్న ఒక పిల్ల బొమ్మ. ఎండబెట్టిన ముక్కలు మరిగే నీళ్ళలో పోస్తే చాలట, కూర్చుని తినేయొచ్చట. డోరిస్ ఆ పేరును ‘స్పెట్‌జల్’ అంది. దాని మొగుడేమో ‘కాదు, స్పాజ్‌లీ’ అన్నాడు. ఇద్దరూ కాసేపు వాదులాడుకుని చివరికి డిక్షనరీ తీశారు.

మాట అందులో ఉంది. జర్మన్ నుంచి వచ్చిందట, గుడ్డు కలిపిన పిండితో చేసే చిన్న నూడుల్సట, చిన్న పిచ్చుకలని అసలు అర్థమట. “చూశావా అమ్మమ్మా, మన మాట ఇంగ్లీషు మాటైపోయింది” అని డోరిస్ మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ పుస్తకం రాసినవాళ్ళను ఏమీ అనను. రెండు వాక్యాల్లో మా రోజీన వదినను ఇమిడ్చడం ఎవరివల్లా కాదు. కానీ ఆ మాట ఈ దేశంలో చలామణీ కావడానికి ముందు మా వీధిలో దాని మెడకు ఉరితాడు పడింది. అది నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

అమెరికాలో అయోవా రాష్ట్రం, లింకర్స్‌బర్గ్ మా ఊరు. మిల్లు వెనక వీధి మొత్తం దక్షిణ జర్మనీ నుంచి వచ్చిన ష్వాబులమే. మా అన్నయ్య ఎబర్‌హార్డ్ బండిచక్రాలు చేసేవాడు. అతని భార్య రోజీన. ముందుగదిలో వదిన భోజనశాల, వెనక పెరట్లో అన్నయ్య కొట్టం. వాళ్ళ ఇంటి పక్కనే నా కుట్టుపని.

వదిన మెతక మనిషి కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఆమెను దేవతను చేసి పటం కట్టడం నాకు ఇష్టంలేదు. సొంత దేశంలో ఉండగా వాళ్ళ నాన్న బెల్టుతో కొట్టేవాడు. ఒకరోజు ఆ బెల్టును పొయ్యిలో వేసి, కాలిపోయేదాకా దానికి కాపలా నిలబడిందట. పని చేసే ఇంట్లో ఆసామి కొడుకు గోదాములో చెయ్యి పట్టుకుంటే, చేతిలో ఉన్న ష్పెట్స్‌లె చెక్కతో వాడి ముక్కు పగలగొట్టింది. ఆ తర్వాత అక్కడ ఉండలేక ఓడెక్కింది. చెక్కను మాత్రం లంగాలో చుట్టి వెంట తెచ్చుకుంది. గట్టి చెక్క, పిడి ఉంది, ఒక అంచు అరిగి పల్చబడింది. వాళ్ళమ్మది, అంతకుముందు వాళ్ళమ్మమ్మది.

ఆ చెక్క మీద పిండి పరిచి, ఇనుప రేకుతో సన్నగా గీకుతూ మరిగే నీళ్ళలోకి తోసేది. ఆ వేగానికి చెయ్యి కనబడేది కాదు. అంతకుముందు ఆ పిండిని గిన్నెలో వేసి, బుడగలు వచ్చేదాకా కర్రగరిటెతో చావబాదేది. ఆ చప్పుడు నా కుట్టుమిషన్ దాకా వినిపించేది. ఒకసారి ఒక ఏజెంటు చిల్లుల గొట్టం లాంటి యంత్రం తెచ్చి, దీంతో నొక్కితే చాలమ్మా, చెక్కా రేకూ ఎందుకు అన్నాడు. వదిన ఆ యంత్రాన్ని వీధిలోకి విసిరింది. ఇంకో నిమిషం ఆగితే వాడూ దాని వెనకే పోయేవాడు.

మధ్యాహ్నం గంట కొట్టగానే అన్నయ్య కొట్టంలోంచి చేతులు దులుపుకుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. “ఏమే, ఇవాళ ఏం చేశావు?” అని అడిగేవాడు. “ష్పెట్స్‌లె. ఏనుగును వండుతాననుకున్నావా?” అనేది వదిన. “బాగుంది” అనేవాడు. తినకముందే అనేవాడు. పెళ్ళయిన నాటి నుంచి రోజూ ఇదే మాట, ఇదే జవాబు. వాళ్ళకు పిల్లలు లేరు. ముద్దూ మురిపెం అంటే వాళ్ళింట్లో ఆ మూడు ముక్కలే.

వీధివైపు కిటికీ అద్దం మీద ఆకుపచ్చ రంగుతో, బంగారు అంచుతో ఆ వంటకం పేరు రాయించింది వదిన. యజమాని పేరు లేదు, ఇంకో ముక్క లేదు. ఇంగ్లీషువాళ్ళకు ఆ పేరు నోరు తిరిగేది కాదు. స్పెట్‌జల్, స్పాట్‌జెల్, ఎవరికి తోచింది వాళ్ళు అనేవారు. అయినా దానికి వాళ్ళ దగ్గర వేరే మాట లేదు. “గురువారం స్పెట్‌జల్‌కు పోదామా” అంటే వదిన భోజనశాలకు పోదామా అనే అర్థం. గురువారం పప్పూ సాసేజీతో కలిపి పెట్టేది. ఇనుపసామాన్ల కొట్టు హోమర్ టిబెట్స్ ప్రతి గురువారం వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, రెండోసారి వడ్డించమని పళ్ళెం చాచేవాడు. ఆ అద్దం మీది రంగు కూడా అతని కొట్టులో కొన్నదే.

తర్వాత యుద్ధం వచ్చింది. పందొమ్మిది వందల పదిహేడులో అమెరికా కూడా జర్మనీ మీదికి దిగింది, పద్దెనిమిది వసంతానికి ఊరికి పిచ్చెక్కింది. పులిసిన క్యాబేజీకి జర్మన్ పేరు పనికిరాదని లిబర్టీ క్యాబేజీ అని పేరు పెట్టారు. మా వీధి పేరు మార్చారు. పాస్టరు గారు జర్మన్‌లో ప్రార్థన చెప్పకూడదన్నారు. ముసలి ఫ్రిక్ గారి పొట్టికాళ్ళ కుక్కను జర్మన్ జాతిదని వీధి మధ్యలో తన్ని చంపారు. ఆయన దాన్ని కోటులో చుట్టుకుని ఇంటికి పోయాడు.

ఊరి రక్షణకని ఒక కమిటీ వెలిసింది. టిబెట్స్ దానికి పెద్ద. అన్నయ్యనూ వదిననూ పిలిపించారు. కిటికీ మీది మాటకు అర్థమేమిటని అడిగారు. చిన్న పిచ్చుకలని అర్థం అని అన్నయ్య చెప్పాడు. పిచ్చుకలు ఎక్కడికి ఎగురుతాయి, ఏ కబురు మోస్తాయి అని ఒకాయన కళ్ళు చికిలించి అడిగాడు. అన్నయ్యకు నవ్వు ఆగలేదు. పగలబడి నవ్వాడు. మొదటి చెంపదెబ్బ అప్పుడే పడింది.

ఆ మాట తీసెయ్యమన్నారు. వారంలోగా తీసి లిబర్టీ నూడుల్స్ అని రాయించుకోమన్నారు. వదిన ఆ మాట చెవిన వేసుకోలేదు. పేరు మార్చినంత మాత్రాన వంట మారుతుందా, చెయ్యి అదే, పిండి అదే అని గొణుక్కుంది. శుక్రవారం పొద్దున లేచి చూసేసరికి అద్దం నిండా పసుపు రంగు పూసి ఉంది. పేరు కనబడడంలేదు. పసుపు రంగు పడిన ఇల్లు దేశద్రోహుల ఇల్లని లెక్క. అది దానంతటదే పోయేదాకా ఉండాలి. దాన్ని ముట్టుకున్నవాడు కమిటీని ఎదిరించినట్టు. ఇది ఊరంతటికీ తెలుసు. వదినకూ తెలుసు.

కానీ మర్నాడు శనివారం. మా ష్వాబుల సంగతి మీకు తెలియకపోతే ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. శనివారం వస్తే ఇంటి ముందు ఊడవాలి, మెట్లు కడగాలి, అద్దాలు తుడవాలి. చావు ఇంట్లో ఉన్నా, మంచు మోకాళ్ళ దాకా పడినా ఊడవాలి. ఊడవని ఇంటివాళ్ళతో ఆదివారం చర్చిలో ఎవరూ మాట్లాడరు. బుద్ధి తెలిసిన నాటి నుంచి చేతికి పట్టిన పని అది, మనసును అడిగి చేసేది కాదు. వదిన ఊడ్చింది, మెట్లు కడిగింది, తలెత్తి అద్దం చూసింది. లోపలికి వెళ్ళి ష్పెట్స్‌లె గీకే రేకు తెచ్చింది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. వద్దు వదినా, సోమవారం దాకా ఆగు, అన్నయ్యతో మాట్లాడదాం అన్నాను.

“ఇవాళ శనివారం లీనా” అంది. అంతే. అంతకంటే ఆమె దగ్గర కారణం లేదు.

పసుపు రంగు చెక్కులు చెక్కులుగా రాలింది. కింద ఆకుపచ్చ అక్షరాలు ఏ దెబ్బా తగలకుండా మెరుస్తూ బయటపడ్డాయి. వదిన తడిగుడ్డతో తుడిచి, చీపురు మూలన పెట్టి, పిండి కలపడానికి వెళ్ళిపోయింది. ఎదురింటి ఫ్రిక్ గారు మాత్రం తలుపు గడియ వేసుకోవడం నేను చూశాను.

సాయంత్రం వెలుగు ఇంకా ఉండగానే వచ్చారు. ముసుగులు లేవు. అదే నన్ను ఎక్కువ కోసింది. అందరూ తెలిసినవాళ్ళే, అందరూ ఆ బల్లల దగ్గర తిన్నవాళ్ళే. మిల్లు గుమాస్తా, పాలబండివాడు, మంగలి, టిబెట్స్. పోలీసు రీవ్స్ కూడా వచ్చాడు. చేతులు కట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు.

నేరుగా కొట్టంలోకి వెళ్ళి అన్నయ్యను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. అతను ఇంకా పూర్తికాని చక్రాన్ని వదల్లేదు. అందులోంచే ఒక ఆకుకర్ర పీకి దాంతో కొట్టారు. ముందు వీపు మీద, తర్వాత మోకాళ్ళ మీద. కిందపడ్డాక కుడిచెయ్యి మెట్టు మీద చాపించి మణికట్టు మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు ఈనాటికీ వినిపిస్తుంది, ఎండుపుల్ల విరిగినట్టు. చక్రాలు చేసే చెయ్యి అది.

వదిన వంటింట్లోంచి మరిగే గిన్నెతో వచ్చింది. ఎవరూ పక్కకు తప్పుకునే లోపే పాలబండివాడి కాళ్ళ మీద గుమ్మరించింది. వాడు వీధిలో పడి దొర్లాడు. మంగలి ఆమె పొట్టలో గుద్దాడు. ఆమె వాడి చెవి కొరికింది. ఇద్దరు పట్టుకుంటే గాని లొంగలేదు. నన్ను ఎవరో గోడకు అదిమిపట్టారు. నేను అరిచాను, తిట్టాను, నాకు వచ్చిన బూతులన్నీ రెండు భాషల్లోనూ తిట్టాను. తిట్లకు ఎవరికి దెబ్బ తగులుతుంది.

అన్నయ్య చొక్కా చించి వేడి తారు పోశారు. వదిన చేత్తో కుట్టిన బాతు ఈకల పరుపును లోపలి నుంచి తెచ్చి, కత్తితో చీల్చి అతని మీద దులిపారు. తర్వాత ఒక పీపా తెచ్చి దాని మీద నిలబెట్టారు. మెడకు తాడు వేసి దీపస్తంభం అడ్డకర్ర మీదుగా లాగారు. మునికాళ్ళ మీద నిలబడితేనే ఊపిరి ఆడుతుంది. ఈకల మధ్య అతని కళ్ళు మాత్రమే కనబడ్డాయి.

అప్పుడు టిబెట్స్ వదిన ముందుకు వచ్చాడు. ప్రతి గురువారం ‘అమ్మా’ అని పిలిచేవాడు. ఆరోజు అలా పిలవలేదు.

“నీ చేత్తోనే గీకు. ఒక్కొక్క అక్షరం. ఆ మాట ఈ ఊళ్ళో మళ్ళీ నీ నోట వినబడకూడదు. వినబడిందా, పీపా తన్నేస్తాం. ఇవాళ కాకపోతే ఇంకోరోజు.”

వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య తల అడ్డంగా ఆడించబోయాడు, తాడు ఆడనివ్వలేదు. అంత మొండి మనిషీ లొంగిపోయింది. రేకు అందుకుంది. పొద్దున పసుపు రంగు గీకిన ఆ రేకుతోనే ఆకుపచ్చ అక్షరాలు గీకింది. గీకిన ప్రతి అక్షరానికీ వాళ్ళు కేకలు వేశారు. చివరి అక్షరం దగ్గర రేకు జారి వేలు తెగింది. అద్దం మీద రక్తం అంటింది. దాన్ని కూడా తుడిచింది.

ఒట్టు వెయ్యమన్నారు. వేసింది. ఆ మాట అననని అందరి ముందూ ఒప్పుకుంది. అప్పుడు తాడు విప్పకుండానే పీపా తన్నారు. అన్నయ్య గాల్లో గిలగిలలాడాడు. వాళ్ళు నవ్వి, తాడు వదిలేశారు. నేల మీద పడ్డాడు. టిబెట్స్ అద్దం మీద తెల్లరంగుతో లిబర్టీ నూడుల్స్ అని తానే రాసి వెళ్ళాడు.

అన్నయ్య చావలేదు. కానీ బతికాడని కూడా అనలేను. తారును నూనెతో ఒలుస్తుంటే చర్మం దానితోపాటే వచ్చింది. చెయ్యి వంకరగా అతుక్కుంది. మెడలో ఏదో నలిగి గొంతు పోయింది, చెవి దగ్గర పెడితే గాని మాట వినబడదు. వీధివైపు ముందుగది పక్కన మంచం వేశాం. అక్కడి నుంచి లేవలేదు.

మధ్యాహ్నం గంట కొట్టగానే మాత్రం తల తిప్పేవాడు. “ఏమే, ఇవాళ ఏం చేశావు?” అనేవాడు ఆ గాలిగొంతుతో.

“తిండి” అనేది వదిన.

అతను ఇంకాస్త సేపు ఆమె ముఖం చూసేవాడు. బాగుంది అనేవాడు కాదు. పెట్టింది తినేవాడు. అదే చెక్క, అదే పిండి, అదే వంట. కానీ రోజూ అడిగేవాడు, రోజూ అదే జవాబు వినేవాడు, రోజూ మాట్లాడకుండా తినేవాడు. చెవిలో గుసగుసగా చెప్పు వదినా, గదిలో ఎవరున్నారు అని నేను బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ మాట ఎత్తితే మళ్ళీ పీపా కనబడేది ఆమెకు. ఎవరికీ భయపడని మనిషి గోడలకు భయపడింది.

నవంబరులో యుద్ధం అయిపోయింది. గంటలు మోగాయి, టపాకాయలు కాల్చారు. క్షమించమని అడగడానికి మా గుమ్మానికి ఎవరూ రాలేదు. వదిన భోజనశాల నడుపుతూనే ఉంది, మరి తినాలిగా. తిన్నవాళ్ళు ‘అది పెట్టండి’ అని వేలితో చూపించేవారు.

మరుసటి వసంతంలో ఒక గురువారం టిబెట్స్ వచ్చాడు. వెంట పొరుగూరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు, అతని చుట్టాలు. కిటికీ పక్కన తన పాత బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను ఆ పూట వడ్డనకు సాయం చేస్తున్నాను.

మూడు పళ్ళాలు స్పెట్‌జల్ అన్నాడు. ఉప్పు అడిగినంత తేలిగ్గా అన్నాడు. పైగా చుట్టాలకు వివరించాడు. ఇలాంటి స్పెట్‌జల్ రాష్ట్రంలో ఇంకెక్కడా దొరకదట, వాళ్ళ భాషలో చిన్న పిట్టలని అర్థమట, ముచ్చటైన మాట కదూ అట. చుట్టాలు ఆ మాటను నోట్లో వేసుకుని తిప్పి చూశారు. నవ్వుకున్నారు.

వంటింట్లో గీకుడు చప్పుడు ఆగిపోయింది. వదిన వచ్చింది. ఒక చేతిలో చెక్క, దాని మీద సగం పిండి అలాగే ఉంది.

“ఏం కావాలన్నారు?” అంది.

“స్పెట్‌జల్ అమ్మా. మర్చిపోయావా ఏంటి మమ్మల్ని?”

నేను ఆమె ముఖం చూశాను. కోపం కాదు అక్కడ ఉన్నది, ముందు ఆశ్చర్యం. ఒక ఏడాది ఆమె నాలుక కరుచుకుని, మొగుడి కళ్ళలోకి చూడలేక గడిపింది. వీడికి అది గుర్తయినా లేదు. ఆ మాటను తన ఇంటి మాటలాగా వాడుకుంటున్నాడు. వాడికి ఏ తాడూ లేదు.

పిండితో సహా చెక్క ఎత్తి అడ్డంగా కొట్టింది. దవడ విరిగింది. రెండో దెబ్బకు పళ్ళు బల్లగుడ్డ మీద పడ్డాయి. మూడో దెబ్బకు కుర్చీతో సహా కూలాడు, చెక్క పిడి దాకా చీలింది. చుట్టాలు టోపీలు వదిలేసి పారిపోయారు. టిబెట్స్ నోట్లోంచి రక్తం, పిండి కలిసి కారుతుంటే నేల మీద పాకుతూ గుమ్మం దాటాడు. నాకు జాలి వెయ్యలేదు. ఈరోజుకీ వెయ్యలేదు.

“ఆ మాట అనే హక్కు నీ నోటికి ఉంటే నా నోటికీ ఉంది” అంది వదిన అతని వీపు వైపు చూస్తూ.

తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. పోలీసును పిలుస్తారని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. గిన్నెలో మిగిలిన పిండిని చీలిన చెక్క మీదనే పరిచి నీళ్ళలోకి గీకింది. తేలిన ముక్కలను తీసి, వెన్న వేసి, వేయించిన ఉల్లిపాయలు చల్లింది. అప్పుడే మధ్యాహ్నం గంట మోగింది. పళ్ళెం పట్టుకుని అన్నయ్య మంచం దగ్గరికి వెళ్ళింది. ఆమె జుట్టులో పిండి, జాకెట్టు మీద రక్తం. అన్నయ్య అదేమీ అడగలేదు.

“ఏమే, ఇవాళ ఏం చేశావు?” అన్నాడు.

వదిన పళ్ళెం మంచం మీద పెట్టి, వీధివైపు కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. బయట టిబెట్స్ దవడ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. చుట్టూ జనం మూగారు. రీవ్స్ అప్పుడే వస్తున్నాడు.

“ష్పెట్స్‌లె” అంది, వీధి చివర మిల్లు దాకా వినబడేటట్టు. “ఏనుగును వండుతాననుకున్నావా?”

రీవ్స్ గుమ్మం దాకా వచ్చి ఆగాడు. మంచం మీది మనిషిని చూశాడు. ఆ పళ్ళెం ఖాళీ అయ్యేదాకా చేతులు కట్టుకుని తలుపుకు ఆనుకున్నాడు. అతనికి వచ్చిన పని అదొక్కటే, ఆరోజు మాత్రం అది పనికొచ్చింది. వేసవి అంతా వదినను కౌంటీ జైల్లో ఉంచారు. ఆమె తిరిగి వచ్చేసరికి అన్నయ్య లేడు. ఆమె చేత్తో తిన్న ఆఖరి పళ్ళెం అదే అయింది.

కానీ ఆ మధ్యాహ్నం అతను చెంచా ముట్టుకోకముందే, వంకర చెయ్యి ఆమె మోచేతి మీద వేసి, ఏడాదిగా దాచుకున్న మాట అన్నాడు.

“బాగుంది” అన్నాడు.